అమ్మ మోకాళ్ళ నొప్పికి ఆక్యుపంక్చర్ చేయించవచ్చా? 18 వేల ప్యాకేజీ అంటున్నారు

తార్నాక అమ్మాయి
జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మకి 63 ఏళ్ళు. అంగన్‌వాడీ టీచరుగా ముప్పై ఏళ్ళు పిల్లలతో పాటు కింద కూర్చుని లేచిన మనిషి. నాలుగేళ్ళుగా రెండు మోకాళ్ళూ నొప్పి, కుడిది ఎక్కువ. మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఎక్కడం ఎలాగో ఎక్కుతుంది గానీ, దిగేటప్పుడు పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతుంది. మొన్న చిలుకూరు వెళ్ళాం. 11 ప్రదక్షిణలు చేద్దామని వచ్చి మూడోదానికే కూర్చుండిపోయింది. "మీరు తిరిగి రండి, నేనిక్కడి నుంచే దణ్ణం పెట్టుకుంటా" అంది. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఎక్స్‌రేలో కుడి మోకాలు గ్రేడ్ 3, ఎడమది గ్రేడ్ 2 అని రాశారు (అరుగుదల లెక్క అది, 4 అంటే అన్నిటికంటే ఎక్కువ). ఎముకల డాక్టరు గుజ్జు అరిగిందని చెప్పి, మాత్రలు రాసి, వ్యాయామం చేయమన్నారు. ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు. అమ్మకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. నొప్పి మాత్ర వేసుకున్న రోజు కడుపులో మంట. వ్యాయామాల కాగితం ఫ్రిజ్ మీదే ఉంది, చేసింది నాలుగు రోజులు.

పక్కింటి ఆంటీ ఆక్యుపంక్చర్‌కి, అదే సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యానికి, వెళ్తున్నారు, బాగా తగ్గిందంటున్నారు. ఆవిడతో కలిసి ఒక సెంటర్‌కి వెళ్ళాం. 20 సిట్టింగులు, 18 వేలు, ముందే కట్టాలి. "గుజ్జు మళ్ళీ పెరుగుతుంది, షుగర్ మాత్రలు కూడా మెల్లగా మానేయొచ్చు" అన్నారు. అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం ఆ మాట దగ్గరే భయం వేసింది. చేయించుకున్న వాళ్ళు, తెలిసిన వాళ్ళు చెప్పండి.


వేపచెట్టు నీడ
జూన్ 3, రాత్రి 10:25

అమ్మా, నాకు 66. రెండేళ్ళ కింద మల్కాజిగిరిలో ఒకరి దగ్గర 12 సిట్టింగులు చేయించుకున్నాను. వారానికి రెండు, ఒక్కోదానికి 500. ఏ రోజు డబ్బు ఆ రోజే ఇచ్చాను.

సూదులంటే ఇంజెక్షన్ సూదులు కావు. వెంట్రుక కంటే కొంచెం లావు, అంతే. మోకాలి చుట్టూ ఆరేడు, పిక్క పక్కన ఒకటి రెండు గుచ్చుతారు. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు, తర్వాత లోపల బరువుగా, తిమ్మిరిగా ఉంటుంది. ఆ బరువు తెలియాలనే వాళ్ళు సూదిని అటూ ఇటూ తిప్పుతారు. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి.

నాలుగైదు సిట్టింగుల తర్వాత తేడా తెలిసింది. రాత్రి పక్కకి తిరిగితే మెలకువ రావడం పోయింది. పొద్దున పాల పాకెట్ కోసం కిందికి దిగి రాగలిగాను. మూడు నాలుగు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత మెల్లగా నొప్పి మళ్ళీ మొదలైంది. ఎక్స్‌రే మళ్ళీ తీయిస్తే అరుగుదల మాత్రం ఏమీ మారలేదు. గుజ్జు పెరుగుతుందన్న మాట నమ్మొద్దు.


కూకట్‌పల్లి కాలనీ
జూన్ 3, రాత్రి 11:50

నేను కొంచెం గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మా అమ్మని ఎనిమిది నెలలు ఇలాంటి సెంటర్‌కే తిప్పాను. మోకాళ్ళు వాచేవి, పొద్దున లేస్తే గంటన్నర వరకు వేళ్ళు ముడుచుకునేవి కావు. అక్కడ ఒక్కరూ రక్తపరీక్ష అడగలేదు. "వాతం, సూదులతో పోతుంది" అన్నారు. చివరికి కీళ్ళవాతం డాక్టరుకి చూపిస్తే రుమటాయిడ్ అన్నారు, అంటే అరుగుదల కాదు, ఒంట్లో రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద దాడి చేసే జబ్బు. అప్పటికే రెండు వేళ్ళు వంకర తిరిగాయి. ముందే సరైన మందు మొదలుపెట్టి ఉంటే ఆ వేళ్ళు నిలిచేవేమో. ఆ ఎనిమిది నెలలు నేను తిప్పినవే.

అప్పటి నుంచి పరిశోధనలు కూర్చుని చదివాను. జర్మనీలో వెయ్యి మందికి పైగా మోకాలి నొప్పి వాళ్ళ మీద పెద్ద పరీక్ష చేశారు, 2006లో వచ్చింది. కొందరికి చైనా పద్ధతిలో చెప్పిన చోట్ల సూదులు. కొందరికి ఆ చోట్లు కాని చోట, పైపైన. ఇంకొందరికి డాక్టరు దగ్గరికి వెళ్ళిరావడం, నొప్పి మాత్రలు. ఆరు నెలల తర్వాత బాగుపడ్డవాళ్ళు అసలు సూదుల్లో నూటికి 53, ఉత్తుత్తి సూదుల్లో 51, మూడో గుంపులో 29. అంటే ఎక్కడ గుచ్చినా ఒకటే. ఆస్ట్రేలియాలో 282 మంది మీద చేసినది 2014లో వచ్చింది. అందులో కూడా అసలుకీ నకిలీకీ తేడా లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవలకి సూచనలిచ్చే నైస్ సంస్థ 2022లో అరుగుదల నొప్పులకి ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దనే రాసింది.

18 వేలు కట్టకండి.


బోయిన్‌పల్లి ఫిజియో
జూన్ 4, ఉదయం 7:15

పైన సార్ చెప్పినది చదివి బాధేసింది. శైలి గట్టిగా ఉన్నా ఆ హెచ్చరిక అందరికీ కావాలి.

తార్నాక మేడమ్, ముందు ఇవి చెప్పండి. పొద్దున లేచాక బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటుంది? అరుగుదలైతే మామూలుగా అరగంట లోపే వదులుతుంది. మోకాలు వేడిగా, ఎర్రగా వాస్తుందా? జ్వరం వచ్చిందా? నడుస్తుంటే మోకాలు ఒక్కసారిగా లాక్ అయిపోతోందా?

ఇంకోటి. ఈ రోజే ఒక చిన్న పరీక్ష చేయండి. కుర్చీని గోడకి ఆనించి అమ్మని కూర్చోబెట్టండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టి రాసుకోండి. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళకి 12 కంటే తక్కువ వస్తే కాళ్ళలో బలం తక్కువనే లెక్క. నొప్పి ఎక్కువైతే ఆపేయండి.


తార్నాక అమ్మాయి
జూన్ 4, ఉదయం 8:30

పొద్దున పది నిమిషాల్లో వదిలేస్తుంది సార్. ఎరుపు లేదు, జ్వరం లేదు. ఎక్కువ నిలబడిన రోజు సాయంత్రం కొంచెం వాపు. లాక్ అవడం లేదు. కుర్చీ పరీక్షలో 5 వచ్చింది. ఆరోసారి లేవబోయి చేతులు తీసి కుర్చీ పట్టుకుంది. మా అమ్మలో ఇంత బలం పోయిందని నాకే తెలియదు.

కూకట్‌పల్లి అన్నా, మీ అమ్మగారి విషయం రాసినందుకు థాంక్స్. రక్తపరీక్ష మేమూ చేయిస్తాం.


ప్రకృతి దారి
జూన్ 4, మధ్యాహ్నం 2:05

నేను ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ చదివాను. మాకు ఆక్యుపంక్చర్ సిలబస్‌లోనే ఉంటుంది. రోజూ మోకాళ్ళ వాళ్ళని చూస్తాను. అందుకే ఈ చర్చలో మాట్లాడాలనిపించింది. షుగర్ మాత్రలు మానేయొచ్చన్న సెంటర్‌కి మాత్రం రెండోసారి వెళ్ళకండి. ఆ మాట అన్నవాళ్ళు మా విద్యకే చెడ్డపేరు తెస్తున్నారు.

మోకాలి చిప్ప కింద రెండు పక్కలా చిన్న గుంటలుంటాయి. చైనా వాళ్ళు వాటిని మోకాలి కళ్ళు అంటారు. అక్కడ, ఇంకా చిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో ముందెముకకి బయటి పక్కన జుసన్‌లీ అనే చోట, తొడ లోపలి వైపు గుచ్చుతాం. కొన్నిసార్లు సూదులకి చిన్న కరెంటు కలుపుతాం. ఈ పద్ధతి మన దేశానికి కొత్త కూడా కాదు. 1938లో చైనా సైనికులకి వైద్యం చేయడానికి వెళ్ళిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో కోట్నిస్ గారి పేరే అందరికీ తెలుసు. ఆయనతో వెళ్ళిన డాక్టర్ బి.కె. బసు 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. 2003లో కేంద్ర ప్రభుత్వం దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా గుర్తించింది.

కూకట్‌పల్లి గారు చెప్పిన అంకెలు సరైనవే, కాదనను. కానీ ఆ 53, 51 పక్కనే 29 కూడా ఉంది కదా. మాత్రలతో సరిపెట్టుకున్న వాళ్ళ కంటే సూది ఎక్కడ గుచ్చినా ఎక్కువమంది బాగుపడ్డారు. బీజింగ్‌లో 480 మంది మీద వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు చేసిన పరీక్ష 2021లో వచ్చింది. కరెంటు సూదుల్లో నూటికి 60 మందికి, నకిలీలో 47 మందికి గుణం కనిపించింది. తేడా ఉంది, పెద్దది కాదు. అమెరికాలో కీళ్ళ డాక్టర్ల సంఘం 2019లో మోకాలి అరుగుదలకి దీన్ని షరతులతో సిఫారసు చేసింది. ఒక దేశం వద్దంటే ఇంకో దేశం ప్రయత్నించవచ్చంటోంది. ఆ కాగితాలన్నీ చదివిన నేను పేషెంటుకి ఇలా చెప్తాను: నొప్పి కొంత తగ్గొచ్చు, కొన్నాళ్ళే ఉంటుంది, గుజ్జు పెరగదు.

రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే కరెంటు సూదులు పెట్టకూడదు. షుగర్ ఉన్నవాళ్ళకి చర్మం శుభ్రంగా ఉందో లేదో చూసుకోవాలి, కాళ్ళలో స్పర్శ తగ్గితే ఇంకా జాగ్రత్త. సూదుల పాకెట్ మీ కళ్ళ ముందే చింపాలి, వాడిన సూదులు మీ ముందే డబ్బాలో పడాలి. మరిగించి మళ్ళీ వాడే చోటు నుంచి లేచి వచ్చేయండి. హెపటైటిస్ బి అలాగే వస్తుంది.


వేపచెట్టు నీడ
జూన్ 4, సాయంత్రం 6:40

కూకట్‌పల్లి బాబూ, ఒకటి అడగనా? నాకు నాలుగు నెలలు నిద్ర పట్టింది. అది నకిలీ సూదులకి కూడా పట్టేదే అనుకుందాం. అయినా నేను పడుకున్నది నిజం. మా ఆవిడకి తెలుసు, నేను రాత్రుళ్ళు కాలు పట్టుకుని కూర్చోవడం ఆపేశానని. దాన్ని ఏమనాలి?


కూకట్‌పల్లి కాలనీ
జూన్ 4, రాత్రి 10:15

బాబాయ్, మీ నిద్రని కాదనలేను. ఆ రాత్రులు మీవి. నిన్న రాసిన "ఎక్కడ గుచ్చినా ఒకటే" అన్న మాట మీలాంటి వాళ్ళు వింటే ఎలా ఉంటుందో ఆలోచించలేదు, క్షమించండి.

నొప్పి పుట్టేది మోకాల్లో అయినా, దాన్ని ఎంతగా పట్టించుకోవాలో చెప్పేది మెదడు. ఎవరో ఓపిగ్గా కూర్చోబెట్టి, ముట్టుకుని, పావుగంట మన కాలు గురించే మాట్లాడితే మెదడు ఆ కేకని కొంచెం తగ్గిస్తుంది. మన ప్రభుత్వ ఆస్పత్రి ఓపీలో రెండు నిమిషాలు దొరకడమే కష్టం. అందుకే సెంటర్లు నిండుతున్నాయనిపిస్తుంది. నా కోపం ఆ నాలుగు నెలల మీద కాదు. గుజ్జు పెరుగుతుందని చెప్పి తీసుకునే 18 వేల మీద, అడగకుండా వదిలేసిన రక్తపరీక్ష మీద. జర్మనీలోనే 2005లో వచ్చిన ఇంకో పరీక్షలో ఎనిమిది వారాలకి అసలు సూదులే మెరుగ్గా ఉన్నాయి, ఏడాదికి ఆ తేడా పోయింది. అంటే 20 సిట్టింగులకి ముందే కట్టించుకోవడానికి ఏ ఆధారమూ లేదు.


సంగారెడ్డి అల్లుడు
జూన్ 5, ఉదయం 9:10

మా అత్తకి గ్రేడ్ 4. సూదులు, నూనెలు, బెల్టులు అన్నీ అయ్యాక పోయినేడు మోకాలి చిప్పల మార్పిడి చేయించాం. ఇప్పుడు పొలం గట్టు మీద నడుస్తోంది. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకి ధర పరిమితి పెట్టింది, మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 అని. ఆస్పత్రి ఖర్చులు వేరే ఉంటాయి. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా రాయించుకోండి. గ్రేడ్ 3కి అంత తొందర లేదు.


నల్లకుంట డాక్టరమ్మ
జూన్ 5, రాత్రి 9:00

క్లినిక్ అయ్యాక చదివాను. మీ అమ్మగారి మందుల గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ఎవరూ దాన్ని ఎత్తలేదు.

షుగర్, బీపీ ఉండి కడుపులో మంట వస్తున్న మనిషికి రోజూ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర మంచిది కాదు. కిడ్నీ మీద, బీపీ మీద, గుండె మీద భారం. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి, మీ డాక్టరుని అడిగి ఆ మాత్ర బదులు అదే మందు జెల్ రూపంలో రాయించుకోండి. మోకాలు చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి జెల్ బాగానే పని చేస్తుంది, రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది. సూదులకి వెళ్ళినా వెళ్ళకపోయినా ఈ మార్పు జరగాలి.

ఎక్స్‌రే గ్రేడ్ చూసి బెంగపడకండి. గ్రేడ్ 3 ఉండి మెట్లెక్కే వాళ్ళున్నారు, గ్రేడ్ 2కే మంచం పట్టిన వాళ్ళున్నారు. ఎముక ఎంత అరిగిందన్నదానికీ నొప్పి ఎంత అన్నదానికీ సూటి సంబంధం లేదు. తొడ ముందు కండరం ఎంత బలంగా ఉందో అడగండి. బరువు కూడా చూడండి. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అమ్మగారు 4 కిలోలు తగ్గితే ప్రతి అడుగుకీ 16 కిలోల మూట దించినట్టు. రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు, పప్పు. నెమ్మదిగా.

ఇక సూదుల మాట. నేను వాటిని సిఫారసు చేయను, వద్దని అడ్డుపడను కూడా. పేషెంటు వెళ్తానంటే ఒక్కటే అడుగుతాను: నొప్పి తగ్గిన ఆ కొన్ని వారాలు ఏం చేయబోతున్నావు? చాలామంది ఆ వారాల్లో పడుకుంటారు, పెళ్ళిళ్ళకి తిరుగుతారు. నొప్పి వల్ల చేయలేకపోయిన వ్యాయామం అప్పుడే చేయాలి. కండరం బలపడితే సూది ప్రభావం పోయినా కాలు నిలుస్తుంది. నేను ఇన్నేళ్ళలో చూసిన తేడా అంతా అక్కడే.


కొత్తపేట కోడలు
జూన్ 6, మధ్యాహ్నం 12:20

మా అత్తగారికి సూదులంటే కళ్ళు తిరుగుతాయి. ఆవిడకి ఏం చేయాలి?


ప్రకృతి దారి
జూన్ 6, మధ్యాహ్నం 1:00

బలవంతం వద్దు. ఖాళీ కడుపుతో అసలు వద్దు. భయం ఉన్న మనిషికి వేడి కాపడం, ఫిజియో చాలు. నిజంగా చాలు.


తార్నాక అమ్మాయి
జూన్ 15, రాత్రి 8:50

మీ అందరి మాటలూ అమ్మకి చదివి వినిపించాను. కూకట్‌పల్లి అన్న వాళ్ళమ్మ గురించి చదువుతుంటే అమ్మ కళ్ళు తుడుచుకుంది.

పరీక్షలు చేయించాం. రుమటాయిడ్ లేదు. క్రియాటినిన్ ఫర్వాలేదు. డాక్టరు మాత్ర ఆపి జెల్ ఇచ్చారు, బాగా నొప్పి ఉన్న రోజుకి పారాసెటమాల్. ఆ సెంటర్ వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు, 15 వేలకి తగ్గిస్తామన్నారు. వద్దన్నాను. వేరే చోట, డిగ్రీ సర్టిఫికెట్ గోడ మీద ఉన్నామె దగ్గర సిట్టింగుకి 600 చొప్పున మొదలుపెట్టాం. ముందే చెప్పాను, ఆరు సిట్టింగులు చూస్తాం, తేడా లేకపోతే ఆపేస్తాం అని. "అలాగే, ఇంటి దగ్గర వ్యాయామం చేయకపోతే నేనే ఆపేస్తాను" అంది ఆమె.

ఒక నోట్‌బుక్ పెట్టాను. రోజూ రాత్రి అమ్మే రాస్తుంది: పదికి ఎంత నొప్పి, 36 మెట్లు దిగడానికి ఎన్నిసార్లు ఆగింది. కూరగాయలు కత్తిపీట మీద తరగడం మాన్పించి, పొయ్యి గట్టు దగ్గర స్టూలు వేశాం. ఇండియన్ టాయిలెట్ మీద పెట్టే స్టాండు కొన్నాం. దీనికి అమ్మ ఒప్పుకోవడానికే ఎక్కువ టైమ్ పట్టింది, ముసలిదాన్నయిపోయాననుకుంది.


బోయిన్‌పల్లి ఫిజియో
జూన్ 15, రాత్రి 9:35

చాలా మంచి పని చేశారు. నోట్‌బుక్‌లో కుర్చీ లెక్క కూడా పదిహేను రోజులకోసారి రాయించండి.

రోజూ చేయాల్సినవి రెండే. కాలు చాపి మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని నొక్కి పది లెక్కపెట్టడం, కాలికి పదిసార్లు. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా లేపి ఐదు లెక్కపెట్టి దించడం, కాలికి పదిసార్లు. పొద్దున ఒకసారి, టీవీ సీరియల్ టైమ్‌లో ఒకసారి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటి పొద్దుటికి కూడా ఎక్కువగా ఉంటే లెక్క తగ్గించండి.


తార్నాక అమ్మాయి
సెప్టెంబర్ 12, రాత్రి 9:15

మూడు నెలలయ్యింది, అమ్మకి ఎలా ఉందో చెప్తాను.

మొత్తం తొమ్మిది సిట్టింగులు, 5,400 అయ్యాయి. మొదటి మూడింటికి ఏమీ లేదు. ఒకరోజు పిక్క దగ్గర నల్లగా కమిలింది, వారంలో పోయింది. నాలుగో దాని తర్వాత కుడి మోకాలు నొప్పి 7 నుంచి 4కి వచ్చింది. ఎడమది ముందెలా ఉందో అలాగే ఉంది, దానికి సూదులు ఏమీ చేయలేదు. జూలై చివర ఆపేశాం. ఆగస్టు చివరికి కుడిది మళ్ళీ 5కి వచ్చింది. అమ్మ ఆ రోజు నోట్‌బుక్ మూసేసి పక్కన పెట్టింది, నాకు చాలా టెన్షన్ వేసింది.

కానీ కుర్చీ లెక్క 5 నుంచి 9కి వచ్చింది. నొప్పి పెరిగిన వారం కూడా 9 కిందికి పోలేదు. అది చూపించాకే అమ్మ మళ్ళీ నోట్‌బుక్ తీసింది. మెట్లు ఇప్పుడు తిన్నగా దిగుతుంది, గోడ పట్టుకుంటుంది గానీ పక్కకి తిరగదు. మధ్యలో ఒకసారి ఆగుతుంది, ఇంతకుముందు నాలుగుసార్లు. బరువు 2 కిలోలు తగ్గింది. చిలుకూరు ఇంకా వెళ్ళలేదు.

అమ్మ అడగమంది: బతుకమ్మ ఆడాలని ఉంది, అప్పటికి మళ్ళీ సూదులు వేయించుకోవచ్చా?


ప్రకృతి దారి
సెప్టెంబర్ 12, రాత్రి 10:00

వేయించుకోవచ్చు. కుడి కాలికే, మూడు నాలుగు చాలు. ఎడమ కాలికి గుణం లేదని మీరే రాశారు కదా, దానికి డబ్బు పెట్టొద్దు.


బోయిన్‌పల్లి ఫిజియో
సెప్టెంబర్ 12, రాత్రి 10:20

ఆడనివ్వండి మేడమ్. నడుం వంచి చప్పట్లు కొట్టేటప్పుడు లోతుగా వంగొద్దని చెప్పండి, పక్కనే కుర్చీ వేసి ఉంచండి, రెండు పాటలకోసారి కూర్చోవాలి. రేపటి నుంచి కాలు లేపే వ్యాయామానికి చీలమండకి అర కిలో ఇసుక సంచి కట్టండి. ముందు కుడి కాలికి.


వేపచెట్టు నీడ
సెప్టెంబర్ 13, ఉదయం 6:30

నేనూ నిన్న కుర్చీ లెక్క చూసుకున్నాను. 7 వచ్చింది. ఈ రోజు నుంచి టవల్ వ్యాయామం మొదలుపెట్టాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పమ్మా.